ఆటగాళ్ల స్థావరాలకు తూనికరాయి వారి సమయమే

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆన్‌లైన్ ఆటల మీద పత్రికల్లో ఏదైనా వచ్చిందంటే అది సాధారణంగా వ్యసనం గురించో, వృథా ఖర్చు గురించో, పాడవుతున్న చదువుల గురించో అయి ఉంటుంది. ఆ ఆందోళనలు నిజమైనవే, వాటిని నేను తక్కువ చేయను. అయితే వేలమంది పెద్దవాళ్లు ఒకే ప్రపంచంలో ఏళ్ల తరబడి కలిసి ఆడే ఆటల్లో ఆస్తి ఎవరిది, దాన్ని కాపాడే బాధ్యత ఎంతవరకు, వదిలేసి వెళ్లినవాడి హక్కు ఎన్నాళ్లు నిలవాలి అన్న ప్రశ్నలకు నియమాల రూపంలో జవాబులు రాయబడుతున్నాయి. ఆ జవాబులు సరైనవా కావా అని తెలుగులో చర్చించినవారు నాకు పెద్దగా కనిపించలేదు. అలాంటి ప్రశ్నల్లో నన్ను చాలాకాలంగా పట్టుకున్నది ఒకటుంది. అంతరిక్షం నేపథ్యంగా సాగే ఆటలో ఆటగాళ్లు సొంతంగా కట్టుకునే స్థావరాలు ఎంత గట్టిగా ఉండాలి, ఎంత తేలికగా కూలాలి అన్నదే ఆ ప్రశ్న. నేను ఒక చిన్న బృందంలో సభ్యుడిగా ఈ ఆటలు ఆడుతున్నవాడిని కాబట్టి నా చూపు చిన్న బృందాల వైపు మొగ్గుతుందని ముందే చెప్పుకోవడం న్యాయం.

సమస్య ఎక్కడ పుడుతుందో ముందు చెప్పాలి. ఆటగాడు కంప్యూటర్ ఆపేసి నిద్రపోతే అతని నౌక కూడా అతనితో పాటే ఆ ప్రపంచం నుంచి తప్పుకుంటుంది. స్థావరం అలా తప్పుకోదు. యజమాని ఉద్యోగంలో ఉన్నా, జ్వరంతో పడుకున్నా, నెలరోజులుగా ఆట వైపు చూడకపోయినా అది అక్కడే, అందరికీ కనిపిస్తూ, పగలూ రాత్రీ నిలబడి ఉంటుంది. అర్ధరాత్రి ఎవరో వచ్చి గంటలో కూల్చేసి పోగలరంటే స్థావరం కట్టే సాహసం ఎవరూ చేయరు. ఎవరు ఎంత ప్రయత్నించినా కూలదంటే కొన్నేళ్లకు ఆకాశం నిండా యజమానులు మరిచిపోయిన కట్టడాలే మిగులుతాయి. ఈ రెండు చివరల మధ్య ఎక్కడ ఆగాలన్నది తేల్చడానికి రూపకర్తలు మామూలుగా కవచం ఎంత, ఫిరంగులు ఎన్ని, నిర్మాణ వ్యయం ఎంత అన్న అంకెలను సవరిస్తూ ఉంటారు. నా అభిప్రాయంలో ఆ అంకెలు రెండో వరుసలో రావాలి. ఈ ఆటల్లో ఖనిజానికి కొరత లేదు, నౌకలకు కొరత లేదు. కొరత ఉన్నది మనుషులు మెలకువగా, తీరికగా ఉండే గంటలకే. ఆ గంటల్లో దాడి చేసేవాడు ఎన్ని పెట్టాలి, కాపాడుకునేవాడు ఎన్ని పెట్టాలి అన్నది ముందు తేల్చి, కవచం మందాన్ని ఆ తర్వాత నిర్ణయించాలి.

దీనికి ఈవ్ ఆన్‌లైన్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఐస్లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మేలో విడుదల చేసిన ఈ ఆటలో అధికభాగం ఆటగాళ్లు ఒకే సర్వర్ మీద, ఒకే ప్రపంచంలో ఉంటారు. రోజుకొకసారి మరమ్మతు కోసం కొద్దిసేపు ఆపడం తప్ప ఆ ప్రపంచానికి విరామం లేదు. భూగోళం మీద ఒక మూల ఉన్నవాళ్లు నిద్రపోయే వేళకు మరో మూల ఉన్నవాళ్లు ఆటకు కూర్చుంటారు. స్థావరాల సమతూకం ఎంత కష్టమో ఈ ఒక్క సంగతిని బట్టే గ్రహించవచ్చు.

ఆ ఆటలో తొలితరం స్థావరాలు టవర్లు. చంద్రుడి పక్కన మాత్రమే వాటిని నిలపడానికి వీలుండేది, ఒక చంద్రుడికి ఒకే టవర్. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు పరిమాణాలు. టవర్ చుట్టూ రక్షణ వలయం ఏర్పడి, తాళపు మాట తెలిసినవారినే లోపలికి రానిచ్చేది. ప్రతి గంటకూ ఇంధనం ఖర్చయ్యేది. ఇవన్నీ ఒక ఎత్తు అయితే స్ట్రాన్షియం నియమం ఒక్కటే ఒక ఎత్తు. శత్రువులు కాల్చి కాల్చి టవర్ కవచాన్ని నాలుగో వంతుకు దించగానే, అందులో ముందుగా నింపి పెట్టిన స్ట్రాన్షియం మండటం మొదలై, అది అయిపోయేవరకు టవర్ ఎవరికీ లొంగని స్థితిలోకి వెళ్లేది. ఎంత స్ట్రాన్షియం నింపితే అన్ని గంటలు. అంటే మొదటి దెబ్బ ఎప్పుడు కొట్టాలో దాడి చేసేవాడు నిర్ణయిస్తాడు, ఆ దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఎడం ఎంత ఉండాలో కాపాడుకునేవాడు నిర్ణయిస్తాడు. తమ మీదికి వచ్చే శత్రువులు సాధారణంగా ఏ వేళలో ఆడతారో అంచనా వేసి, గడువు తీరే క్షణం తాము మెలకువగా ఉండే సమయానికి పడేట్టు లెక్కగట్టి స్ట్రాన్షియం నింపడం ఒక విద్యగా ఉండేది. తుది సమరం ఎప్పుడన్నది పూర్తిగా ఎవరి చేతిలోనూ లేకపోవడం, ఇద్దరి తెలివికీ అందులో చోటుండటం నాకు ఇప్పటికీ ఎంతో నచ్చే సంగతి. తరువాతి నియమాలు అనేక విషయాల్లో మెరుగైనవే కాని ఈ ఒక్క గుణం మళ్లీ అంత చక్కగా కుదరలేదు.

టవర్ల కాలానికి ఉన్న తెగులు వేరే చోట ఉంది. 2009 డిసెంబరులో వచ్చిన డొమినియన్ నవీకరణ వరకు, ఒక నక్షత్ర వ్యవస్థ ఎవరి అధీనంలో ఉందన్నది అక్కడ ఎవరి టవర్లు ఎక్కువగా ఉన్నాయన్న దాని మీద ఆధారపడేది. అందుచేత కూటములు అవసరం ఉన్నా లేకపోయినా చంద్రుడి తరువాత చంద్రుడికి టవర్లు నిలుపుకుంటూ పోయాయి. వాటన్నిటికీ ఇంధనం మోసే పని మాత్రం ప్రతి కూటమిలోనూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది మీదనే పడింది. నౌకలో రకరకాల సరుకు నింపుకోవడం, ఒక్కో టవర్ దగ్గరికి వెళ్లి పంచడం, మరిచిపోతే స్థావరమే పోతుందన్న భయంతో మళ్లీ మళ్లీ లెక్క చూసుకోవడం ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోని పని. యుద్ధంలో ఓడి ఆట మానేసినవారిని నేను పెద్దగా చూడలేదు గాని, ఈ చాకిరీతో విసిగి మానేసినవారిని చూశాను. 2011 చివర, 2012 మొదట్లో విడివిడి ఇంధన సరుకులను ఒకే ఇంధన దిమ్మెగా మార్చడంతో ఆ భారం కొంత తగ్గింది. అప్పటికే ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. స్థావరాన్ని నిలబెట్టుకోవడానికి యజమాని గంటలు వెచ్చించాలని నేనే అంటున్నాను కాబట్టి ఇక్కడ తేడా స్పష్టం చేయాలి. వెచ్చించే గంట ఆటలా ఉండాలి. ఎవరితోనూ తలపడకుండా, ఏ నిర్ణయమూ తీసుకోకుండా చేసే మోతపనిని రక్షణ వ్యయం కింద లెక్కగట్టడం ఆటగాడి ఓపికను దోచుకోవడమే.

2015 జులైలో ఆ సంస్థ మరో దారి పట్టింది. కవచాన్ని పగలగొట్టడం బదులు, ఎంటోసిస్ అనే పరికరాన్ని గురి మీద నిలిపి ఉంచితే అధీనం మారే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక నక్షత్ర వ్యవస్థలో నివసించేవారు అక్కడ ఎంత చురుకుగా గనులు తవ్వుతున్నారు, ఆటే నడిపే శత్రునౌకలను ఎంత వేటాడుతున్నారు అన్నదాన్ని బట్టి రక్షణ గుణకం పెరుగుతుంది. అంటే నివాసమే రక్షణ. ఆలోచనగా ఇది నేను కోరుకునేదానికి చాలా దగ్గరగా ఉంది. ఆచరణలో మొదట్లో జరిగింది వేరు. పట్టుకోవడానికి వీలుకానంత వేగంగా పరుగెత్తే చిన్న నౌకలో ఒక్కడు వచ్చి పరికరం తగిలించి, ఎవరైనా ఎదురొస్తే పారిపోయి, మరో చోట తగిలించేవాడు. వాడికి గెలవాలన్న ఉద్దేశమే ఉండదు. వాడొక్కడి కోసం పదిమంది తమ సాయంకాలం వదులుకొని కాపలా కాయాల్సి వచ్చేది. తరువాత ఆ పరికరం ఏ నౌకలకు అమరాలన్నదాని మీద, నౌక వేగం మీద ఆంక్షలు పెట్టి సరిదిద్దారు. కవచం మందం గురించి ఎంత వాదించినా ఈ లోపం బయటపడేది కాదు. ఒక పక్క పెట్టిన ఒక గంటకు మరో పక్క ఎన్ని గంటలు ఖర్చవుతున్నాయి అని అడిగితే మొదటి రోజే బయటపడేది.

2016 ఏప్రిల్‌లో సిటడెల్ నవీకరణతో రెండో తరం స్థావరాలు వచ్చాయి. ఆస్ట్రాహస్, ఫోర్టిజార్, కీప్‌స్టార్ అనే ఈ మూడింటిలో చివరిది ఎంత పెద్దదంటే ఆటలో అన్నిటికంటే భారీ నౌకలైన టైటన్లు కూడా అందులో రేవు చేరతాయి. కొత్త కట్టడాలు చంద్రుల పక్కనే ఉండాలన్న నిబంధన లేదు. ఒకదానికొకటి తగినంత దూరంలో ఉంటే చాలు, ఎక్కడైనా నిలపవచ్చు. తొలి నియమం ప్రకారం వీటి మీద వారంలో యజమాని ఎంచుకున్న కొద్ది గంటల్లోనే దాడి చేయడానికి వీలుండేది. మూడింటిలో చిన్నదైన ఆస్ట్రాహస్‌కు ఆ గంటలు మరీ తక్కువ. దాడి చేయదలచినవారు తమకు అనుకూలం కాని వేళలో, ఆ సన్నని కిటికీ తెరుచుకున్నప్పుడే రావాలి. ఆ తరువాత, స్థావరం ఎవరికీ లొంగకుండా ఉండే గడువులు తీరే వేళకు మరో రెండుసార్లు రావాలి. సెకనుకు ఇంతకు మించి నష్టం పడదన్న పరిమితి కూడా ఉండటంతో వెయ్యిమంది వచ్చినా కొద్దిమంది వచ్చినా పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. ఇంత శ్రమపడి కూల్చినా చాలా ప్రాంతాల్లో లోపల దాచిన సరుకులు దాడి చేసినవారికి దక్కవు. ఆస్తి భద్రత అనే నియమం కింద అవి సురక్షితంగా వేరే చోటికి చేరి, కొంత రుసుము కట్టిన యజమానికి తిరిగి వస్తాయి. రుసుము అదే వ్యవస్థలోని మరో స్థావరంలో తీసుకుంటే విలువలో అర శాతం, ఆటే నడిపే, దూరంలోని స్టేషన్‌కు చేరితే 15 శాతం.

ఫలితం ఊహించగలిగిందే. కట్టడం తేలిక, చంద్రుల సంఖ్య అనే సహజమైన హద్దు లేదు, కూల్చడం ఒక పెద్ద పని, కూల్చినా లాభం లేదు. ఒక్కో వ్యవస్థలో స్థావరాలు కుప్పలుగా పేరుకుపోయాయి. వాటిలో ఎందరి యజమానులు ఇంకా ఆటలో ఉన్నారో చెప్పలేని పరిస్థితి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో కిటికీ పద్ధతిని తీసేశారు. మొదటి దశ కవచం మీద ఎప్పుడైనా దాడి చేయవచ్చు. తరువాతి దశలు మాత్రం యజమాని ముందే ఎంచుకున్న గంటకు అటూఇటూగా కొంత అనిశ్చితితో వస్తాయి. ఆ మార్పుతోనే, మార్కెట్, తయారీ వంటి సేవలు నడపడానికి ఇంధనం వేయని స్థావరం తక్కువ శక్తి స్థితిలోకి జారి బలహీనపడటం కూడా వచ్చింది. చివరికి 2020 మేలో, నేను ఈ లేఖలో మనస్ఫూర్తిగా మెచ్చుకోదలచిన నియమం వచ్చింది. వరుసగా ఏడు రోజులు ఇంధనం లేకుండా ఉన్న స్థావరం పరిత్యక్తమైనదిగా పరిగణించబడుతుంది. దానికి గడువుల రక్షణ ఉండదు, ఆస్తి భద్రతా ఉండదు. ఎవరు వచ్చి కూల్చినా లోపలి సరుకు అక్కడే చెదిరిపడుతుంది.

ఈ నియమాన్ని క్రూరమైనదని విమర్శించినవారు ఉన్నారు. అనారోగ్యంతోనో, కుటుంబ బాధ్యతలతోనో కొన్నాళ్లు దూరమైనవాడు తిరిగివచ్చేసరికి కూడబెట్టుకున్నదంతా పోయి ఉండటం బాధాకరమే. ఆ బాధను నేను కొట్టిపారేయను. అయినా ఆ నియమం న్యాయమైనదే అంటాను. కాపలా మానేసిన చేనుకు కంచె ఎన్నాళ్లో నిలవదు, నిలవాలని కోరడమూ సబబు కాదు. ఆ నియమం యజమాని నుంచి అడిగేది కూడా అతి స్వల్పం. రోజూ వచ్చి కాపలా కాయమని అడగదు, చాలాకాలానికి సరిపడా ఇంధనం ముందే నింపి వెళ్లినా సమ్మతిస్తుంది. అంతమాత్రం కూడా చేయని కట్టడానికి, ప్రతి వారం వచ్చి తమ స్థావరాన్ని చూసుకునే చిన్న బృందానికి ఇచ్చిన రక్షణే ఇవ్వడం ఆ చిన్న బృందానికి అన్యాయం. దీర్ఘకాలం వెళ్లేవారి కోసం చేయదగిన సవరణ ఒకటి ఉంది. సరుకును స్టేషన్‌కు తరలించుకోవడానికి, స్థావరాన్ని విప్పి సర్దుకోవడానికి ఆటలోనే సులభమైన ఒక్క ఆదేశం ఉండాలి. వెళ్లిపోవడం కష్టంగా ఉండబట్టే చాలామంది వదిలేసి పోతున్నారు.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన క్వాంటమ్ కోర్ విషయంలో మాత్రం నా మెప్పు సగమే. స్థావరం పనిచేయాలంటే అందులో ఖరీదైన ఒక కోర్‌ను అమర్చాలి, స్థావరం కూలితే ఆ కోర్ దాడి చేసినవారికి దక్కుతుంది. దాడి చేసినవారి గంటలకు ప్రతిఫలం ఉండాలన్న ఆలోచన సరైనదే. ప్రతిఫలం లేని దాడికి వచ్చేవారు వేధించడానికి వచ్చేవారే అవుతారు. ఇబ్బంది ఎక్కడంటే, కోర్ ధర స్థావరం పరిమాణాన్ని బట్టి ఉంటుంది తప్ప యజమాని దగ్గర ఇంకెన్ని స్థావరాలు ఉన్నాయన్నదాన్ని బట్టి ఉండదు. యాభై స్థావరాలున్న కూటమికి యాభై ఒకటోది ఒక పద్దు. మొదటి స్థావరం కట్టుకుంటున్న బృందానికి అదే ధర నెలల సంపాదన. కూటములు స్థావరాలను డమ్మీ కార్పొరేషన్ల (ఆటలో ఆటగాళ్ల సంఘాలను కార్పొరేషన్లు అంటారు) పేర్ల మీద చీల్చి పెట్టుకుంటాయి కాబట్టి సంఖ్యను బట్టి ధర పెంచడం కుదరదని కొందరు అంటారు. ఆ అభ్యంతరం బలమైనదే. అందుకే యజమాని పేరును లెక్కలోకి తీసుకోకుండా, ఆ నక్షత్ర వ్యవస్థలో అప్పటికే ఉన్న స్థావరాల సంఖ్యను బట్టి కొత్తదాని నిర్వహణ ఇంధనం పెరిగేలా చేయాలి. పేర్లు ఎన్నయినా మార్చుకోవచ్చు గాని చోటును దాచడం కుదరదు. ఒకప్పుడు చంద్రుల సంఖ్య విధించిన హద్దే ఈ విధంగా మరింత మెత్తగా తిరిగి వస్తుంది. ఖాళీగా ఉన్న మారుమూల వ్యవస్థలో తొలి స్థావరం కట్టే చిన్న బృందానికి అది అతి చౌకగా ఉంటుంది, ఉండాలి కూడా.

చిన్న బృందాలను నిజంగా అలసగొట్టేది మరొకటి ఉంది, దాని మీద కొంచెం ఆగక తప్పదు. దాడి చేసేవారు మొదటి దశ కవచాన్ని పడగొట్టి వెళ్లిపోతారు. గడువు మొదలవుతుంది. కాపాడుకునేవారు పదిమందీ పనులు సర్దుకొని, సెలవులు పెట్టుకొని, చెప్పిన గంటకు సిద్ధంగా కూర్చుంటారు. ఎవరూ రారు. కొద్దిరోజులకు మళ్లీ మొదటి దశ పడుతుంది, మళ్లీ కూర్చుంటారు, మళ్లీ ఎవరూ రారు. ఇలా కొన్నిసార్లు జరిగాక ఒకరోజు పదిమందిలో ముగ్గురే వస్తారు, ఆరోజు దాడి చేసేవారు వస్తారు. నాకు తెలిసిన ఒక బృందం ఇలాగే విడిపోయింది; స్థావరం పోయినందుకు వాళ్లు బాధపడలేదు, ఎదురుచూసిన సాయంకాలాల గురించి బాధపడ్డారు. దీన్ని యుద్ధతంత్రం అనేవారితో నేను ఏకీభవించను. మొదటి దశను పడగొట్టడానికి పెద్ద కూటమి పెట్టిన ఖర్చు కొద్దిమంది సభ్యుల కాస్త సమయం. అది ఎదుటివారి నుంచి లాక్కున్నది పూర్తి బృందపు ఒక సాయంకాలం. నేను పైన చెప్పిన తూకంతో చూస్తే ఇంత ఒరిగిపోయిన బేరం ఆటలో మరొకటి లేదు.

దీనికి మందు పందెం. గడువును మొదలుపెట్టే బృందం తాను తిరిగి వస్తానన్న హామీగా విలువైనదేదో ఒకటి అక్కడ నిలపాలి. రాకపోతే అది కాపాడుకున్నవారికి దక్కాలి, పైగా అదే స్థావరం మీద అదే బృందం మళ్లీ గడువు మొదలుపెట్టడానికి ఎక్కువ ఎడం పాటించాలి. ఇది ఆ ఆటకు పూర్తిగా కొత్త ఆలోచన కాదు. భద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో యుద్ధ ప్రకటనల నియమాలను మార్చినప్పుడు ఆ సంస్థ ఇదే సూత్రాన్ని కొంతవరకు పాటించింది. 2018 డిసెంబరు నుంచి స్థావరం లేని కార్పొరేషన్ మీద యుద్ధం ప్రకటించడానికి వీల్లేదు, ఆ తరువాత యుద్ధం ప్రకటించేవారు తమ స్థావరం ఒకదాన్ని యుద్ధ కేంద్రంగా చూపించాలన్న నియమమూ వచ్చింది. ఆ కేంద్రం కూలితే ప్రకటించిన యుద్ధమూ ముగుస్తుంది. దాడి చేసేవాడికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్న ఈ న్యాయాన్ని ప్రతి గడువుకూ వర్తింపజేయమనే నేను కోరుతున్నాను.

ఫిరంగుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పాత టవర్ల తుపాకులు యజమాని లేకపోయినా వాటంతటవే కాల్చేవి. కొత్త స్థావరాల ఆయుధాలను మనిషి కూర్చుని నడపాలి. ఈ మార్పు మంచిది, దీన్ని ఇలాగే ఉంచాలి.

పెద్ద స్థావరాల దగ్గర వేరొక చిక్కు ఉంది. చిన్న బృందానికి గడువు అంటే ఖాళీ సాయంకాలం అయితే, మహా కూటములకు అది వేలమంది ఒకే క్షణాన ఒకే చోటికి రావడానికి పెట్టుకున్న ముహూర్తం. సర్వర్ మీద భారం మితిమీరినప్పుడు ఆటలో కాలాన్నే మందగింపజేసే ఏర్పాటు ఒకటుంది, మామూలు వేగంలో పదో వంతు వరకు అది దిగజారుతుంది. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే వ్యవస్థలో జరిగిన సమరం సుమారు 21 గంటలు సాగి 75 టైటన్లను బలిగొన్నది. దానికి మూలం, ఆ వ్యవస్థ మీద అధీనం నిలుపుకోవడానికి కట్టాల్సిన రుసుము గడువులోగా చెల్లకపోవడం. 2020 డిసెంబరు ఆఖరున ఎం2-ఎక్స్‌ఎఫ్‌ఈ వ్యవస్థలో ఒక కీప్‌స్టార్ చుట్టూ జరిగిన పోరులో 250కి పైగా టైటన్లు నాశనమయ్యాయి. దాని కొనసాగింపుగా కొద్దిరోజులకే వచ్చిన తుది గడువు వేళ దాడి చేసినవారి భారీ నౌకాదళం ఆ వ్యవస్థలోకి దూకగానే సర్వర్ తట్టుకోలేకపోయింది; ఎందరో ఆటగాళ్లు తమ నౌకను కదిలించే వీలు లేకుండానే పోగొట్టుకున్నారు. ఆ సమరాలు ఆటకు తెచ్చిన పేరు గొప్పదే. అయినా ఏడాది యుద్ధం ఫలితాన్ని ఒక్క గంటకు, ఒక్క చోటికి కుదించే నియమం అటు యంత్రానికీ ఇటు మనిషికీ మోయలేని భారం. 2015 నాటి ఎంటోసిస్ పద్ధతిలో పోరును పలు వ్యవస్థలకు చెదరగొట్టాలన్న ఉద్దేశం ఉండింది. వేధింపుల వల్ల ఆ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది గాని ఉద్దేశం సరైనదే. కీప్‌స్టార్ వంటి మహా స్థావరానికి ఒకే తుది గడువు బదులు, రేవు, మార్కెట్, తయారీ శాలలు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో ఓడిపోయేలా చేస్తే ప్రపంచంలోని అన్ని కాలమండలాల ఆటగాళ్లకూ యుద్ధంలో చోటు దొరుకుతుంది. ఒక భాగం పోయినవారు మిగతా భాగాల కోసం వ్యూహం మార్చుకోగలుగుతారు.

ఇన్ని చిక్కులెందుకు, స్థావరాలను కూల్చడానికే వీల్లేకుండా చేస్తే సరిపోదా అని అడిగేవారికి ఎలైట్ డేంజరస్ ఆటను చూపించవచ్చు. 2020 జూన్‌లో ఆ ఆటలో ఆటగాళ్లు సొంతంగా కొనుక్కునే ఫ్లీట్ క్యారియర్లు, అంటే ఇతర నౌకలకు రేవుగా పనిచేసే మహానౌకలు, వచ్చాయి. వాటిని ఎవరూ ధ్వంసం చేయలేరు. వారం వారం నిర్వహణ వ్యయం చెల్లిస్తూ ఉండాలి. బాకీ మితిమీరితే క్యారియర్ విధుల నుంచి తొలగిపోతుంది. ఒంటరిగా తిరిగే అన్వేషకులకు ఇది ఎంతో హాయి, ఆ ఆట స్వభావానికి అది తగింది కూడా. అయితే ప్రజాదరణ ఉన్న వ్యవస్థల్లో క్యారియర్లకు నిలుచునే చోటు దొరకడమే కష్టమైంది. ఒకరి స్థావరం మరొకరి భవిష్యత్తును నిర్ణయించే ఆటలో, భూభాగం కోసం కూటములు తలపడే ఆటలో, ఈ పరిష్కారం పనికిరాదు. పోగొట్టుకునే ప్రమాదం లేని చోట సంపాదించుకున్నామన్న తృప్తీ ఉండదు. ఆ తృప్తి కోసమే కదా అక్కడ స్థావరాలు కడుతున్నది.

ఈవ్ ఆన్‌లైన్‌లో 2008 నుంచి ఆటగాళ్లు ఓటు వేసి ఎన్నుకునే ప్రతినిధుల మండలి ఒకటి ఉంది. నియమాలు మార్చే ముందు సంస్థ వారి అభిప్రాయాన్ని వింటుంది. ఇలాంటి ఆట ఏది నడిపేవారినైనా, ఇలాంటి మండలి ఏదైనా ఉంటే దాన్నీ నేను కోరేది ఒక్కటే. కవచం అంకెలను మరోసారి తాకే ముందు, గత ఏడాదిలో మొదలైన గడువుల్లో ఎన్నింటికి దాడి చేసినవారు తిరిగి వచ్చారు, ఎన్నింటికి కాపాడుకునేవారు వచ్చారు, రెండు పక్షాలూ కలిపి ఎన్ని గంటలు వెచ్చించాయి, బృందం పరిమాణాన్ని బట్టి ఆ గంటలు ఎలా మారాయి అన్న లెక్కను ఆటగాళ్ల ముందు పెట్టాలి. ఆ సమాచారం సర్వర్లలో ఇప్పటికే ఉంటుంది, ఎవరూ కొత్తగా సేకరించనక్కరలేదు. పందెం ఎంత ఉండాలో, కిక్కిరిసిన వ్యవస్థలో ఇంధనం ఎంత పెరగాలో ఆ లెక్క చూశాక వాదించుకుందాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు